కరెంటు పెడతారంట

ఆసుపత్రి మీద వ్యాసం అనగానే బిల్లుల గురించి అనుకుంటారు. బిల్లుల గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. మా మేనత్తకి రొమ్ము క్యాన్సర్ వైద్యం చాలావరకు ఆరోగ్యశ్రీలోనే జరిగింది. (ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. మా ఇంట్లో మాత్రం 2007 నుంచీ ఆరోగ్యశ్రీయే. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చి పిలిచే ఓపిక మా వాళ్ళకి లేదు.) మందులు మంచివే ఇచ్చారు, ఆపరేషన్ బాగా చేశారు. డాక్టర్లు చెడ్డవాళ్ళేం కాదు. అయినా ఈ పది నెలల్లో మా అత్తని రోగం కన్నా ఎక్కువ ఏడిపించిన సంగతి ఒకటుంది. తనకి ఏం జరుగుతోందో, ఎందుకు ఆగిందో, మళ్ళీ ఎప్పుడు రావాలో కూర్చోబెట్టి చెప్పే మనిషి అంత పెద్ద బిల్డింగ్‌లో ఒక్కరూ లేకపోవడం.

ఆసుపత్రి పేరు రాయను. రాస్తే చదివినవాళ్ళు "ఓ, అదా, అది అంతేలే" అనేసి పేజీ తిప్పేస్తారు. మా హాస్టల్లో నాలుగు రూముల్లో అడిగితే ముగ్గురి ఇళ్ళల్లో ఇదే కథ, మూడు వేరే వేరే ఆసుపత్రుల్లో. అందుకే ఇది ఒక ఆసుపత్రి మీద ఫిర్యాదు కాదు. రోగికి చెప్పడం అనే పనిని మన దగ్గర మర్యాదగా చూస్తారు, వైద్యంలో భాగంగా చూడరు. ఓపికుంటే చెప్తారు, లేకపోతే లేదు. నా గొడవంతా దాని మీదే.

మొదట బయాప్సీ సంగతి చెప్తాను. సూదితో ముక్క తీశారు. "రిపోర్టు వారంలో వస్తుంది" అన్నారు. వారం తర్వాత బావ వెళ్తే "రాలేదు". రెండ్రోజులాగి వెళ్తే "ఇంకా రాలేదు". ఆ తర్వాత "వచ్చింది కానీ పూర్తిగా రాలేదు". పూర్తిగా రాకపోవడం అంటే ఏంటో కిటికీ అవతల అమ్మాయికి తెలీదు. తెలియాల్సిన అవసరం ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు కూడా. మూడు గంటల బస్సు ప్రయాణం, ఒక రోజు షాపు మూసుకోవడం, ఆ ఒక్క ముక్క వినడానికి. ఇంట్లో అప్పటికే రకరకాల అనుమానాలు మొదలయ్యాయి. శాంపిల్ పోగొట్టారని మావయ్య, డబ్బులిస్తే గానీ కదలదని పక్కింటాయన, ఇంక లాభం లేదని తెలిసి చెప్పట్లేదని అత్త.

అసలు విషయం నాకు తర్వాత కాగితాలు చదివితే అర్థమైంది. తీసిన ముక్కని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోత పోసి, మైక్రాన్ల మందంలో పొరలుగా కోసి, రంగులేసి చూస్తారు. రొమ్ము క్యాన్సర్ అయితే అక్కడితో అయిపోదు. ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు పరీక్షలుంటాయి. ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే తేలుస్తారు. హెర్2 ఫలితం సున్నా నుంచి మూడు ప్లస్ దాకా ఇస్తారు. మూడు ప్లస్ అంటే ఉన్నట్టు, సున్నా గానీ ఒకటి గానీ అయితే లేనట్టు. రెండు ప్లస్ వస్తే ఎటూ తేలనట్టు. అప్పుడు ఆ మైనం బ్లాకు మీదే ఫిష్ అనే ఇంకో పరీక్ష చెయ్యాలి. అత్తకి వచ్చింది రెండు ప్లస్. ఫిష్ చేసే సౌకర్యం ఆ ఆసుపత్రిలో లేదు కాబట్టి బ్లాకు బయట ల్యాబ్‌కి వెళ్ళింది. అంటే ఆలస్యానికి న్యాయమైన కారణమే ఉంది! ఆగకుండా ఉంటేనే తప్పయ్యేది. ఈ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? "అమ్మా, ఫలితం మధ్యలో వచ్చింది, ఇంకో పరీక్షకి పంపాం, ఇంకో పది రోజులు పడుతుంది, ఈలోపు రావద్దు." ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లు లేక ఒక కుటుంబం మూడు వారాలు నిద్రపోలేదు.

1985లో డేవిడ్ మైస్టర్ అనే ఆయన క్యూల్లో నిలబడే మనుషుల మనసు గురించి ఒక వ్యాసం రాశాడు. మన ఆపరేషన్స్ రీసెర్చ్ ఎలెక్టివ్‌లో ఆయన పేరు తగులుతుంది. కారణం తెలియని ఎదురుచూపు, కారణం తెలిసిన ఎదురుచూపు కన్నా పొడుగ్గా అనిపిస్తుందని, ఎంతసేపో తెలియకపోతే ఇంకా పొడుగ్గా అనిపిస్తుందని ఆయన చెప్పినదాంట్లో ముఖ్యమైన సంగతి. బ్యాంకులు, ఎయిర్‌పోర్టులు దీన్ని ఎప్పుడో నేర్చుకున్నాయి. నెట్‌వర్క్స్ క్లాసులో మనం చదివింది కూడా గుర్తు చేసుకోండి. ప్యాకెట్ అందిందని అవతలి నుంచి కబురు రాకపోతే పంపినవాడు మళ్ళీ పంపుతాడు, మళ్ళీ పంపుతాడు, చివరికి లైనంతా జామ్ అవుతుంది. బావ చేసింది అదే. రిపోర్టు కిటికీ ముందు నిలబడ్డవాళ్ళని నేనొక రోజు అడిగి చూశాను. చాలామంది కొత్త పని మీద వచ్చినవాళ్ళు కాదు, పాత ప్రశ్నతో మళ్ళీ వచ్చినవాళ్ళు. చెప్పడానికి టైం లేదంటారు గానీ, చెప్పకపోవడం వల్లే ఆ క్యూ అంత ఉంది.

మధ్యలో మావయ్య రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకుందామన్నాడు. దానికి రిపోర్టుల కాపీలు కావాలి. రికార్డ్స్ సెక్షన్‌కి వెళ్తే డాక్టర్ లెటర్ తెమ్మన్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే సూపరింటెండెంట్‌కి దరఖాస్తు పెట్టుకోమన్నారు. సూపరింటెండెంట్ సెలవు. రోగి గానీ, రోగి తరఫున వచ్చినవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. ఇది మా మావయ్యకి తెలీదు, సరే. ఆ సెక్షన్‌లో కూర్చున్నాయనకీ తెలీదు. నేను ఫోన్లో చూపిస్తే "ఇది ఢిల్లీ రూల్ బాబూ" అన్నాడు. కోపం రావాలి గానీ నాకు నవ్వొచ్చింది.

ఇంక ఇంట్లోవాళ్ళ సంగతి. డాక్టర్లని మాత్రమే అంటే అన్యాయం. మొదటిరోజే మావయ్య డాక్టర్‌ని వరండాలోకి పిలిచి "ఆమెకి చెప్పకండి సార్, తట్టుకోలేదు" అన్నాడు. మన ఇళ్ళల్లో అందరూ చేసేదే, ప్రేమతోనే చేస్తారు. డాక్టర్‌కీ అదే తేలిక. ఆరోజు నుంచి ఆయన అత్త తల మీదుగా మావయ్యతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఆమె గురించి ఇద్దరు మగవాళ్ళు ఇంగ్లీషు ముక్కలతో మాట్లాడుకుంటారు. సిస్టర్‌ని అడిగితే "మీ వాళ్ళని అడుగమ్మా". మావాళ్ళని అడిగితే "ఏం లేదు, చిన్న గడ్డ". చివరికి ఆమెకి చెప్పింది పక్క మంచం ఆవిడ. "అక్కా, నాది నాలుగో కీమో, నీది ఎన్నోది?" అని మామూలుగా అడిగింది. అత్త ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. "అబ్బయ్యా, నా ఒంట్లో ఏముందో నాకు తప్ప ఊరందరికీ తెలుసంటరా" అంది. ఏడవలేదు. అవమానం జరిగినట్టు మాట్లాడింది.

క్యాన్సర్ రోగికి చెడ్డ కబురు ఎలా చెప్పాలో 2000 సంవత్సరంలో 'స్పైక్స్' పేరుతో ఆరు మెట్ల పద్ధతి ఒకటి ప్రచురించారు. అందులో నాకు నచ్చింది రెండు, మూడు మెట్లు. ముందు రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. తర్వాత ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటోందో అడగాలి. ఆమెనే, ఆమె మొగుణ్ణి కాదు. "నాకొద్దు, మా ఆయనకి చెప్పండి" అనే హక్కూ ఆమెదే. ఆ ఒక్క ప్రశ్న అడిగితే మావయ్య భయానికీ, అత్త గౌరవానికీ రెండింటికీ చోటు దొరికేది. 2019 నుంచి మన ఎంబీబీఎస్ సిలబస్‌లో కూడా 'ఎట్‌కామ్' అని మాట్లాడే తీరు, నీతి నేర్పే మాడ్యూల్ పెట్టారు. మంచిదే. ఆ బ్యాచ్‌లు పెద్ద డాక్టర్లయ్యేదాకా మా అత్తలాంటివాళ్ళు ఆగలేరు కదా.

ఇప్పటిదాకా చెప్పినవి బాధలు. ఇప్పుడు చెప్పేది ప్రాణం సంగతి.

మొదటి కీమో అయ్యాక పదో రోజు అత్తకి జ్వరం వచ్చింది. ఆదివారం సాయంత్రం. కీమో అంటే నీరసం, జ్వరం మామూలే అనుకుని డోలో వేశారు. తగ్గలేదని ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించారు. సోమవారం పొద్దునకి మంచం మీంచి లేవలేకపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి బీపీ పడిపోయింది. క్యాజువాలిటీలో ముందు ఓపీ కార్డు రెన్యూవల్ చేయించుకు రమ్మన్నారు. బావ ఆ క్యూలో ఉండగా ఒక కుర్ర డ్యూటీ డాక్టర్ అత్త తల చూసి, జుట్టు రాలడం చూసి, "కీమో ఎప్పుడు చేశారు?" అని అడిగింది. అడిగి, కార్డు సంగతి పక్కనపెట్టి లోపలికి తీసుకెళ్ళింది. ఆవిడ పేరు కూడా మాకు తెలీదు. కీమో మందు రక్తంలో తెల్లకణాల్ని కూడా తగ్గిస్తుంది. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య అవి బాగా అడుక్కి పోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటిందంటే అది మామూలు జ్వరం కాదు, గంటల్లో యాంటీబయాటిక్ నరంలోకి పడాలి. ఇదంతా ఆవిడ నిలబడే, చేతులు పనిచేస్తుండగానే, మాకు నాలుగు నిమిషాల్లో తెలుగులో చెప్పింది. అత్త ఆరు రోజులకి ఇంటికొచ్చింది.

"డిశ్చార్జ్ సమ్మరీలో రాసే ఉంది కదా" అన్నారు తర్వాత ఓపీలో. రాసే ఉంది, నిజమే. మూడో పేజీ చివర్లో, ఇంగ్లీషులో, జ్వరమొస్తే రివ్యూ ఎస్ఓఎస్ అని. వైద్యంలో ఎస్ఓఎస్ అంటే లాటిన్‌లో 'సి ఓపుస్ సిట్', అవసరమైతే అని అర్థం. బావ డిగ్రీ చదివాడు, ఆ లైను చదివాడు కూడా. ఓడ మునిగిపోయేటప్పుడు పంపే ఎస్ఓఎస్ అనుకున్నాడు. అంటే మరీ ప్రాణం మీదకొస్తేనే రమ్మంటున్నారని. తప్పెవరిది అనే మాట నాకు అనవసరం. రాసినవాళ్ళు ఒక భాషలో రాశారు, చదివినవాళ్ళు ఇంకో భాషలో చదివారు, మధ్యలో ఒక మనిషి ఉండాల్సిన చోట ఎవరూ లేరు.

తెలుగులో ఇస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. మనం తెలుగు క్లబ్బు వాళ్ళం కాబట్టి ఈ సంగతి కాస్త ఆగి చూడాలి. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టమని ఇచ్చిన అంగీకార పత్రం తెలుగులోనే ఉంది. నాకు అర్థం కాలేదు. శస్త్రచికిత్సానంతర ఉపద్రవములు, మత్తుమందు సంబంధిత ప్రతికూల పరిణామములు... ఎవరో ఇంగ్లీషు ఫారం ముందు పెట్టుకుని నిఘంటువు చూసి కట్టిన తెలుగు. పదిహేనేళ్ళు తెలుగు మీడియంలో పాఠాలు చెప్పిన మా నాన్న రెండుసార్లు చదివి "సంతకం పెట్టేయ్ అక్కా" అన్నాడు. ఆ కాగితం రోగి చదవడానికి తయారైంది కాదు, రేపు కోర్టులో చూపించడానికి తయారైంది.

దానికి ఇంకో చివర వార్డులో మాట్లాడే తెలుగు ఉంది. ఆపరేషన్ అయ్యాక వార్డ్‌బాయ్ వచ్చి "అమ్మా, సోమవారం నుంచి నీకు కరెంటు పెడతారంట" అని చెప్పి పోయాడు. రేడియేషన్‌ని మన వైపు అందరూ అలాగే అంటారు. అది ముద్దుగానే ఉంటుంది, వినేవాళ్ళకి విషయం తెలిస్తే. మా అత్త పొలం మోటారు దగ్గర కరెంటు కొట్టి మరిది పోయిన ఇంటి మనిషి. శుక్రవారం నుంచి అన్నం మానేసింది. సోమవారం ఆటో ఎక్కనంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, మొండికేసిందనుకున్నారు. విషయం బయటపడ్డాక నేను వీడియో కాల్ చేసి చెప్పాను: ఎక్స్‌రే తీసినట్టే ఉంటుంది, ఏమీ తగలదు, నొప్పి ఉండదు, బల్ల మీద కదలకుండా కొద్ది నిమిషాలు పడుకుంటావు, గదిలో నువ్వొక్కదానివే ఉంటావు గానీ వాళ్ళు టీవీలో నిన్ను చూస్తూనే ఉంటారు, వారానికి ఐదు రోజులు, మొత్తం పదిహేను సార్లు. ఒంటి మీద ఇంకుతో గీసిన గీతలు చెరగనివ్వకు, మిషను గురి వాటిని బట్టే పెడతారు. అంతా విని "ఇంతేనా? ఈ మాట వాడు చెప్తే వాడి సొమ్మేం పోయింది?" అంది. పాపం, ఆ వార్డ్‌బాయ్‌కీ ఎవరూ చెప్పి ఉండరు.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. ఒకరోజు మా టోకెన్ నంబరు 143. ఒంటిగంటన్నరకి మా వంతు వచ్చింది, డాక్టర్ గారు అప్పటికి టీ కూడా తాగలేదని సిస్టర్ చెప్పింది. ఆయన్ని ఇంకో పది నిమిషాలు మాట్లాడమనడం 144వ మనిషికి అన్యాయం. అందుకే నేను అడిగేది డాక్టర్ నుంచి కాదు. 1990లో న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రిలో హెరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్, పేద ఆడవాళ్ళు రొమ్ము క్యాన్సర్‌కి ఆలస్యంగా రావడం, మధ్యలో వదిలేయడం చూసి, డాక్టర్ కాని, నర్సు కాని ఒక మనిషిని పెట్టాడు. ఈ మనిషి పని రోగితో పాటు నడవడం. ఏ కాగితం ఎక్కడుంది, తర్వాతి మెట్టు ఏంటి, ఎందుకు ఆగింది అని చెప్పడం. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 'కేవట్' పేరుతో ఇలాంటివాళ్ళకి శిక్షణ ఇస్తున్నారు. రామాయణంలో రాముణ్ణి గంగ దాటించిన పడవవాడి పేరు పెట్టారు. మంచి పేరు.

మన దగ్గర ఆ కుర్చీ ఖాళీగా ఏం లేదు. ఆరోగ్యమిత్ర ఉన్నాడు. పేరులోనే మిత్రుడు. మాకున్న మిత్ర మంచివాడే, మా ఫైలు కోసం పరిగెత్తాడు. కానీ అతని ఉద్యోగం ఫైలుతో. ఫోటో అప్‌లోడ్ అయిందా, అప్రూవల్ వచ్చిందా, క్లెయిమ్ వెళ్ళిందా. స్క్రీన్ మీద 'పెండింగ్' అని ఉంటే మాకు కూడా 'పెండింగ్' అనే చెప్పేవాడు. ఎవరి దగ్గర పెండింగ్, ఏ కాగితం తక్కువైంది అంటే అతనికీ కనబడదు. అతని పనిలో రోగితో రోజుకి ఐదు నిమిషాలు మాట్లాడటం కూడా ఉందని రాసిపెట్టి, దానికి తగ్గ శిక్షణ, జీతం ఇస్తే సగం దూరం వచ్చినట్టే.

ఇక్కడ మనలో ఎవరో ఒకరు చెయ్యెత్తి "ఒక యాప్ చేద్దాం" అంటారు. నాకు తెలుసు, పోయిన హ్యాకథాన్‌లో ఇలాంటివి మూడు వచ్చాయి. దయచేసి వద్దు. మా అత్త ఫోన్ బటన్ ఫోన్. ఆమెకి కావాల్సింది నోటిఫికేషన్ కాదు, అర్థం కాకపోతే మళ్ళీ అడగగలిగే మనిషి. యాప్ చేస్తే ఆసుపత్రి లోపలివాళ్ళకి చెయ్యండి. రెండు ప్లస్ వచ్చిన క్షణాన కిటికీ దగ్గర అమ్మాయి స్క్రీన్ మీద "ఇంకో పరీక్షకి వెళ్ళింది, ఫలానా తేదీకి రమ్మనండి" అని తెలుగులో కనబడేలా.

రెండో కీమోకి ముందు నేను ఏ4 కాగితం మీద స్కెచ్‌పెన్‌తో పెద్ద అక్షరాల్లో రాసి అత్త మంచం పక్కన గోడకి అంటించాను. ఆ డ్యూటీ డాక్టర్ చెప్పిన మాటలే. "కీమో తర్వాత జ్వరం వచ్చిందా? థర్మామీటర్ పెట్టు. 100.4 దాటితే డోలో వేసుకుని పడుకోవద్దు, ఆర్ఎంపీ దగ్గరికి వద్దు. రాత్రయినా సరే ఆసుపత్రికి రా. రాగానే 'నాకు కీమో జరుగుతోంది' అని చెప్పు." సాయంత్రానికి ఆ వార్డులో పదకొండు మంది దాన్ని ఫోటో తీసుకున్నారు. ఒక సిస్టర్ కూడా.

సెలవుల్లో మన క్లబ్బు తరఫున అలాంటివి ఇంకో ఐదారు కాగితాలు రాయాలని నలుగురం అనుకున్నాం. బయాప్సీ ఎందుకు ఆలస్యమవుతుంది, కీమో రోజు ఏం తినాలి, కరెంటు అంటే ఏంటి. రాసినవి ఒక క్యాన్సర్ డాక్టర్ చూసి సరే అన్నాకే అచ్చు వేస్తాం. ఇబ్బంది ఎక్కడొస్తోందంటే మాటల దగ్గర. మా ప్రకాశం వైపు "వాంతి వచ్చేటట్టుంది" అనేదాన్ని మా రూమ్మేట్ కరీంనగర్‌లో ఒకలా, శ్రీకాకుళం అమ్మాయి ఇంకోలా అంటున్నారు. మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ గడ్డని, నీరసాన్ని, నోటిపూతని, వికారాన్ని ఏమంటారో అడిగి, ఆ మాట అలాగే రాసి మాకు పంపండి. రేడియేషన్‌కి మాత్రం కొత్త మాట పంపొద్దు. కరెంటు అనే ఉంచుదామని అత్త చెప్పింది, పక్కన ఒక్క లైను చేర్చమంది: "షాకు కొట్టదు."